వంపు మెడ మిలటరీ లైట్లు: ఆ పసుపు వెలుగుని మళ్ళీ రప్పించడం

గోడ మీద వేస్తే మధ్యలో తెల్లగా, చుట్టూ పసుపుగా, అంచుల్లో ఒకటి రెండు నీడ వలయాలతో పడే వెలుగు గుర్తుందా? ఎల్‌ఈడీలు రాకముందు పెరిగినవాళ్ళందరికీ బ్యాటరీ లైటంటే ఆ వెలుగే. కరెంటు ఏ అర్ధరాత్రో వస్తే మోటారు వేయడానికి పొలం వెళ్ళే రైతు చేతిలో అదే, సెకండ్ షో వదిలాక చీకట్లో ఇంటిదారి పట్టినప్పుడు అదే. సెల్లు నీరసిస్తే తీసి ఎండలో పెట్టేవాళ్ళం. ఎండ వేడికి లోపలి రసాయన చర్య కాస్త పుంజుకుని ఆ రాత్రికి ఇంకాసేపు వెలిగేది, నిజమే. కానీ అదే వేడి సెల్లు చుట్టూ ఉండే జింకు డబ్బాని కూడా తొందరగా తినిపించేది. అటక మీంచి దించిన పాత లైట్లలో చాలావాటి లోపల తెల్లటి పొక్కు, ఆకుపచ్చ చిలుము కనిపించడానికి సగం కారణం అలా చివరి చుక్క దాకా పిండిన సెల్లే.

ఆ వెలుగు మీద మమకారం తీరనివాళ్ళు సేకరణలోకి దిగితే ముందో వెనకో చేరేది మిలటరీ లైట్ల దగ్గరికే. అమెరికాలో ఉంటున్న మనవాళ్ళకి ఇవి ఫ్లీ మార్కెట్లలో, మిలటరీ సర్‌ప్లస్ దుకాణాల్లో, పాత ఇళ్ళ ముందు పెట్టే గ్యారేజ్ సేళ్ళలో ఇప్పటికీ దొరుకుతాయి. అందులో అందరికీ తెలిసిన ఆకారం ఒకటుంది. ఆలివ్ రంగు గొట్టం నిటారుగా ఉంటుంది, తల మాత్రం పక్కకి తిరిగి ఉంటుంది, వీపున ఒక క్లిప్పు. బెల్టుకో ఛాతీ మీది పట్టీకో తగిలిస్తే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, వెలుగు ముందుకి పడుతుంది. ఆ వంపు మెడ అందానికి పెట్టింది కాదు, పనికి పెట్టింది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైన్యంలో సమాచార విభాగమైన సిగ్నల్ కోర్ వాడిన రకం పేరు టీఎల్-122. మొదట్లో వచ్చినవి ఇత్తడివి. తూటాల తొడుగులకీ ఫిరంగి గుండ్ల తొడుగులకీ ఇత్తడి కావలసి వచ్చేసరికి టీఎల్-122-బి నుంచి ఒళ్ళంతా ప్లాస్టిక్ అయింది. తరవాతి రకాల్లో నీళ్ళు దిగకుండా రబ్బరు వాషర్లు చేరాయి. యుద్ధం అయ్యాక ఎంఎక్స్-99/యు, ఆ వెనక వియత్నాం తరం సైనికులందరికీ తెలిసిన ఎంఎక్స్-991/యు వచ్చాయి. ఒకే కంపెనీ తయారీ కాదు. కాంట్రాక్టు దక్కినవాళ్ళు చేసేవాళ్ళు. ఒహాయోలో వాసియన్ అనే ఊరి ఫుల్టన్ కంపెనీవి, జి.టి. ప్రైస్‌వి, బ్రైట్ స్టార్‌వి ఎక్కువగా కనిపిస్తాయి. యుద్ధకాలపు వాటిలో యూఎస్‌ఏ-లైట్ పేరున్నవి బాగా తగులుతాయి. అన్నిటికీ తిండి ఒకటే, రెండు పెద్ద సెల్లు. మనం డి సైజు అనేదాన్ని వాళ్ళ సైన్యం బీఏ-30 అని రాసుకునేది.

కొనేముందు చూడాల్సింది రంగూ మెరుపూ కాదు, మరలు. అడుగు మూత, తల చుట్టూ ఉండే కట్టు, రెండూ తిప్పి చూడండి. యుద్ధకాలపు ప్లాస్టిక్ ఎనభై ఏళ్ళలో కుంచించుకుపోయి వంకరపోతుంది. గొట్టం గుండ్రదనం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తే మూత సగం తిరిగి ఆగిపోతుంది. దానికి మందు లేదు. వేడినీళ్ళలో పెట్టి సరిచేద్దామనుకుంటే ఇంకా వంగుతుంది. అలాంటిది విడిభాగాల కోసమైతే కొనండి, వెలిగించడానికైతే వద్దు. రెండో సంగతి, ఒకదాని తల ఇంకోదాని మూత కలిపి అమ్మేవి చాలా ఉన్నాయి. ఒళ్ళంతా ఒకే రంగులో వెలిసిందా, మూత ప్లాస్టిక్కూ గొట్టం ప్లాస్టిక్కూ ఒకే నునుపులో ఉన్నాయా అని పగటి వెలుతురులో చూస్తే తెలిసిపోతుంది.

ఇక అసలు పని. చేతికొచ్చిన పది లైట్లలో కొన్నిటికైనా లోపల సెల్లు పొంగి ఇరుక్కుని ఉంటాయి. డి సెల్లు వెడల్పు 34 మిల్లీమీటర్లు, పొడవు 61. గొట్టం లోపలి ఖాళీ దానికంటే కొద్దిగానే ఎక్కువ. కాబట్టి సెల్లు ఒక్క మిల్లీమీటరు ఉబ్బినా బిగుసుకుపోతుంది. మామూలు నిటారు టార్చికైతే తల విప్పి, అద్దం తీసి, పైనుంచి కర్రతో తోసేస్తాం. ఈ వంపు మెడ లైట్లకి ఆ దారి లేదు. పైకప్పు మూసి ఉంటుంది, తలలోంచి కర్ర దూర్చినా మలుపు దగ్గర ఆగుతుంది. ఏం చేసినా అడుగునుంచే చెయ్యాలి. ఈ లైట్లు బాగుచేసేవాళ్ళకి నిజమైన ఓపిక పరీక్ష ఇదే.

ముందు కారింది ఏ రకం సెల్లో తేల్చుకోవాలి. ఆల్కలైన్ సెల్లు అయితే కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, క్షారం. అది గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి తెల్లగా, మెత్తటి పొరల్లా గడ్డకడుతుంది. దానికి విరుగుడు వెనిగరో నిమ్మరసమో. పాత కార్బన్ జింకు సెల్లు అయితే కారేది ఆమ్ల గుణం ఉన్న బంక, గోధుమరంగు తుప్పుతో కలిసి జిగటగా ఉంటుంది. దానికి వంటసోడా కలిపిన నీళ్ళు, గ్లాసు నీళ్ళకి చెంచాడు. ఈ రెండూ తారుమారు చేస్తే పని జరగదు.

లైటుని తలకిందులుగా నిలబెట్టి, గొట్టం అంచు చుట్టూ డ్రాపరుతో చుక్కలు చుక్కలుగా పొయ్యండి. బుసబుస పొంగితే సరైన మందు పడిందన్నమాట. పావుగంట ఆగి నిటారుగా పట్టుకుని అడుగుభాగాన్ని దళసరి గుడ్డ పరిచిన చెక్క మీద మెల్లగా కొట్టండి. గట్టిగా బాదితే ప్లాస్టిక్ మరల దగ్గర చీలుతుంది. మూడు నాలుగుసార్లు ఇలా చేశాక చాలావరకు కింది సెల్లు జారుతుంది. ఎంతకీ రాకపోతే ఆఖరి మార్గం ఒకటుంది. సెల్లు అడుగున నట్టనడుమ చెక్కకి వాడే ఇనప స్క్రూని సెంటీమీటరు లోతు దించి, స్క్రూ తలని ప్లయరుతో పట్టి నిదానంగా లాగాలి. కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు లేకుండా ఈ పని చెయ్యొద్దు. ఆ క్షారం కంట్లో పడితే చూపు పోతుంది. ఛార్జి ఇంకా మిగిలి ఉన్న సెల్లుకి స్క్రూ దించడం అసలే కూడదు, లోపలే షార్టయి కాలుతుంది. బల్బు కొంచెమైనా ఎర్రబడుతుంటే ముందు అది పూర్తిగా ఆరిపోయేదాకా వెలగనివ్వండి.

సెల్లు వచ్చాక వెనిగర్ని లోపల ఉంచెయ్యకూడదు. వెనిగర్ ఇత్తడి మీద నిలిచిపోతే కొత్త చిలుము అదే పుట్టిస్తుంది. గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, పొడుగు పిడి బాటిల్ బ్రష్షుతో కడిగి, ఫ్యాను కింద ఒక రోజంతా ఆరనివ్వండి. థిన్నరు, అసిటోను, గోళ్ళరంగు తుడిచే ద్రవం ఈ ప్లాస్టిక్ దగ్గరికి రానివ్వొద్దు. పాత రకం ప్లాస్టిక్ వాటిలో కరుగుతుంది, మీద పోత పోసిన అక్షరాలు చెదిరిపోతాయి.

తరవాత కరెంటు దారి చూద్దాం. ఇత్తడి లైటులో ఒళ్ళే తీగలా పనిచేస్తుంది. ప్లాస్టిక్ లైటులో అది కుదరదు కాబట్టి గొట్టం లోపలి గోడ పక్కన సన్నటి రేకు పట్టీ ఒకటి అడుగునుంచి స్విచ్చి దాకా పోతుంది. అడుగు మూతలో ఉన్న స్ప్రింగు సెల్లు నెగెటివ్‌ని తాకుతుంది, మూత బిగిస్తే ఆ స్ప్రింగు పట్టీని కలుస్తుంది, పట్టీ స్విచ్చికి, స్విచ్చి రిఫ్లెక్టరుకి, రిఫ్లెక్టరు బల్బు నడుముకి. పై సెల్లు పాజిటివ్ బొడిపె మలుపులో ఉన్న స్ప్రింగు ద్వారా బల్బు అడుగు చుక్కని తాకుతుంది. అంటే లోహం లోహాన్ని తాకే చోట్లు అరడజను పైనే. వెలగకపోయినా మసగ్గా వెలిగినా దోషం దాదాపు ఎప్పుడూ వీటిలో ఒకచోట ఉంటుంది.

ఇక్కడ చిన్న లెక్క చూడాలి. ఎంఎక్స్-991/యు కి సరిపోయే బల్బు పీఆర్-6, దాని కొలత 2.47 వోల్టులు, 0.3 ఆంపియర్లు. అంటే వెలుగుతున్నప్పుడు దాని నిరోధం సుమారు 8 ఓములు. దారిలో ఎక్కడో చిలుము వల్ల ఒక్క ఓము చేరిందనుకోండి, తొమ్మిదింట ఒక వంతు వోల్టేజీ అక్కడే పోతుంది. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. పదకొండు శాతం వోల్టేజీ పోతే వెలుగులో మూడో వంతు పోతుంది. ఓము అంటే మీటరు మీద దాదాపు సున్నాలా కనిపించే అంకె, కంటికి మాత్రం కొత్త సెల్లుకీ పాత సెల్లుకీ ఉన్నంత తేడా.

అందుకని మల్టీమీటరుని ఓముల్లో పెట్టి వెతక్కండి. లైటు వెలిగించి, మీటరుని డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక్కో అతుకుకి అటో పుల్ల ఇటో పుల్ల ఆనించండి. మంచి అతుకు మీద రెండు మూడు వందో వంతుల వోల్టు మించి కనిపించదు. ఎక్కడ 0.2, 0.3 చూపిస్తే దొంగ అక్కడున్నట్టే. తల విప్పి ఉన్నప్పుడు రిఫ్లెక్టరుని వేలితో అదిమి పట్టుకోవాలి, లేకపోతే ఆ వదులే తప్పు కొలత ఇస్తుంది.

దొరికిన చోట గరుకు కాగితం వాడకండి. ఈ రేకుల మీద సన్నటి పూత ఉంటుంది, అది గీసుకుపోతే ఇత్తడి బయటపడి మళ్ళీ మూడు నెలల్లో నల్లబడుతుంది. పెన్సిలు రబ్బరు చాలు. దాని చివర కత్తితో వాలుగా కోసి మొనలా చేసుకుంటే స్ప్రింగు చుట్ల మధ్యకి కూడా పోతుంది. మరీ మొండి చిలుముకి ఫైబర్‌గ్లాస్ బ్రష్షు పెన్ను. స్విచ్చి మాత్రం రివిట్లతో బిగించి ఉంటుంది, విప్పాలని రివిట్లు తొలిచేస్తే మళ్ళీ ఆ బిగువు రాదు. సందులోంచి ప్లాస్టిక్‌కి హానిచెయ్యని కాంటాక్ట్ క్లీనరు కొట్టి, ఇరవై ముప్ఫైసార్లు ముందుకీ వెనక్కీ జరిపితే లోపలి రేకులు ఒకదాన్నొకటి రాసుకుని వాటంతటవే శుభ్రపడతాయి. ఆ స్విచ్చిలోనే నొక్కుడు బొత్తం కూడా ఉంటుంది, మోర్సు సంకేతాలు పంపడానికి. జరిపే మీట సరిగ్గా పనిచేస్తూ బొత్తం మాత్రం వెలిగించకపోతే కింది స్ప్రింగు రేకు వంగిపోయిందని అర్థం. చెక్క టూత్‌పిక్కుతో దాన్ని ఇంత పైకి లేపితే చాలు.

ఇత్తడి భాగాల దగ్గర మన ఇంటి వైద్యం గుర్తొస్తుంది, చింతపండు, ఉప్పు. అది పనిచేస్తుంది, ఆ ఆమ్లానికి చిలుము కరుగుతుంది. బిందెకైతే సరే. సన్నటి స్ప్రింగు రేకులకి మాత్రం ఉప్పు వెయ్యొద్దు. కడిగినా సందుల్లో మిగిలే ఆ కాస్త క్లోరైడు మళ్ళీ తొలవడం మొదలెడుతుంది. ఉత్త చింతపండు రసం, తరవాత వంటసోడా నీళ్ళు, ఆపైన మంచినీళ్ళు. అంగట్లో దొరికే ఇత్తడి పాలిష్‌లలో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది. వంచి బిగించిన ఇత్తడికి అమ్మోనియా పడదు, వంపు దగ్గర వెంట్రుకవాసి చీలికలొస్తాయి. ఈ సంగతి తెలిసొచ్చింది మన దేశంలోని బ్రిటిష్ సైన్యం తూటాల వల్లే. వానాకాలంలో గుర్రపు శాలల దగ్గర దాచిన ఇత్తడి తూటా తొడుగులు వాటంతటవే పగిలిపోతుంటే ఏళ్ళ తరబడి ఎవరికీ అంతుపట్టలేదు. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియానే కారణమని 1921లో తేల్చారు. లైటు స్ప్రింగు రేకు కూడా అదే ఇత్తడి, అదే బిగువు.

రిఫ్లెక్టరు దగ్గర చెయ్యి ఆపుకోవడమే పని. తరవాతి కాలపు వాటికి అల్యూమినియం ఆవిరి పూత ఉంటుంది, గుడ్డతో ఒక్కసారి రుద్దితే పూత గుడ్డకే వస్తుంది. నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డితో దుమ్ము ఊది, డిస్టిల్డ్ వాటర్లో చుక్క సబ్బు కలిపి ముంచి తీసి, మళ్ళీ ఉత్త డిస్టిల్డ్ వాటర్తో కడిగి, బోర్లించి ఆరబెట్టాలి. తాకకూడదు. ఇత్తడి మీద వెండి పూత ఉన్న పాతవైతే నల్లబడి ఉంటాయి. వాటికి వెండి సామానుకి వాడే విబూదినే బట్టలో జల్లించి, తడి దూదితో, నడుమ నుంచి అంచుకి నిలువుగా తుడవాలి. గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే పడే సన్న గీతలు వెలుగులో వలయాలుగా కనిపిస్తాయి. జీవితకాలంలో ఒకటి రెండుసార్లకి మించి ఇది చెయ్యడం మంచిది కాదు, పూత అంత పల్చన.

రబ్బరు వాషర్లు రాయిలా గట్టిపడి ఉంటే మార్చడమే. కొత్తదానికి సిలికాన్ గ్రీజు కొద్దిగా రాయండి. వాజెలీన్ రాస్తే సహజ రబ్బరు ఉబ్బి మూత బిగుసుకుంటుంది. క్లిప్పు ఉక్కుది, తుప్పు పడితే మెషీన్ నూనె వేసి అతి సన్నటి ఉక్కు పీచుతో రుద్ది తుడిచెయ్యండి. మళ్ళీ రంగు వేసి కొత్తదానిలా చెయ్యాలనిపిస్తుంది, వెయ్యొద్దు. గొట్టం మీద ఎవరో సైనికుడు సూదితో గీసుకున్న పేరో నంబరో ఉంటే దాన్ని నునుపు చెయ్యడం చాలా తప్పు. ఆ గీత పోయిన లైటు ఎంత మెరిసినా సగమే మిగిలినట్టు.

ఎంఎక్స్-991/యు అయితే అడుగు మూతలో అదనపు బల్బు, ఇంకో అరలో రంగు బిళ్ళలు ఉండాలి. ఎరుపు తప్పకుండా, దానితో నీలమో ఆకుపచ్చో, వెలుగుని పరిచే మసక తెలుపు. కాంట్రాక్టుని బట్టి కూర్పు మారుతుంది. ఎరుపు ఎందుకంటే, కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి దాదాపు అరగంట పడుతుంది, ఒక్క తెల్ల వెలుగు తగిలితే ఆ అరగంటా వృథా. చీకట్లో చూపునిచ్చే కంటి కణాలకి ఎరుపు దాదాపు ఆనదు. చిక్కల్లా మ్యాపు మీద ఎర్ర సిరాతో గీసిన గీతలు ఆ వెలుగులో మాయమవుతాయి. ఎర్ర బిళ్ళ బిగించి ఏ పాత రోడ్డు మ్యాపు మీదైనా వేసి చూడండి.

అసలు బల్బు తీసి ఎల్‌ఈడీ పెట్టడం నాకు నచ్చకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. తెల్ల ఎల్‌ఈడీలో నీలం ఎక్కువ, ముదురు ఎరుపు తక్కువ. ఎర్ర బిళ్ళ వెనక దాని వెలుగు నీరసించిపోతుంది. ఫిలమెంటు బల్బు వెలుగులో ఎరుపు దండిగా ఉంటుంది, ఈ బిళ్ళలు తయారైందే దాని కోసం. పైగా పీఆర్ బల్బు స్థానంలో పెట్టే ఎల్‌ఈడీల్లో కొన్ని ఒకవైపు కరెంటుకే వెలుగుతాయి. పాత రిఫ్లెక్టరు కేంద్రం కూడా ఫిలమెంటు ఎత్తుకి కుదిర్చింది కాబట్టి ఎల్‌ఈడీ వెలుగు మధ్యలో బొక్క పడ్డట్టు వస్తుంది. బల్బు మార్చాల్సి వస్తే పీఆర్-2 దొరకడం తేలిక, 2.38 వోల్టులు, 0.5 ఆంపియర్లు. వెలుగు ఎక్కువిస్తుంది, సెల్లు త్వరగా తింటుంది. పీఆర్-3 మూడు సెల్లది, ఇందులో ఎర్రగా మినుకుమంటుంది. క్రిప్టాన్, హాలోజెన్ రకాలు వేడికి ప్లాస్టిక్ బిళ్ళల్ని వంచెయ్యొచ్చు.

జర్మన్, తూర్పు జర్మన్ పాత లైట్లకి ఇదంతా వర్తించదు. అవి బల్లపరుపు డబ్బాలు, కోటు గుండీకి తగిలించుకునే తోలు నాలిక, లోపల జరిపే రంగు రేకులు. వాటికి 4.5 వోల్టుల చదును బ్యాటరీ కావాలి, 3ఆర్12. దాని నెత్తిన రెండు ఇత్తడి నాలికలుంటాయి, పొట్టిది పాజిటివ్, పొడుగుది నెగెటివ్. అది దొరకకపోతే మూడు ఏఏ సెల్లు పట్టే అడాప్టర్లున్నాయి. స్క్రూలా తిప్పి బిగించే బల్బు, 3.5 వోల్టులు, 0.2 ఆంపియర్లది సరిపోతుంది.

వెలిగిన లైటుని దాచేటప్పుడు సెల్లు లోపల వదలకండి, కొత్తవైనా సరే. పీవీసీ సంచిలో చుట్టొద్దు, దానిలోంచి వచ్చే ఆవిరి ప్లాస్టిక్‌ని జిగటగా చేస్తుంది. రబ్బరు బ్యాండు కూడా దగ్గర ఉంచొద్దు, అందులోని గంధకం వెండి రిఫ్లెక్టరుని నల్లబరుస్తుంది. తరచూ వెలిగించుకునేవాళ్ళకి నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జి సెల్లు మంచివి. ఆల్కలైన్‌లా కారే గుణం వాటికి చాలా తక్కువ, రెండు కలిపితే 2.4 వోల్టులు, పీఆర్-6 కోరేదానికి దగ్గర. కొనేటప్పుడు బరువు చూసుకోండి. డి సైజు తొడుగులో చిన్న ఏఏ సెల్లు పెట్టి అమ్మేవి ఉన్నాయి, వాటిలో రెండువేల మిల్లీ ఆంపియర్ అవర్లే ఉంటాయి. అసలైన డి సైజుదైతే ఎనిమిది వేల పైన. అయితే 0.3 ఆంపియర్ల బల్బుకి ఆ రెండు వేలతోనే ఆరు గంటలు వెలుగొస్తుంది, సేకరణలో ఉన్న లైటుకి అది తక్కువేం కాదు. సెల్లు నెత్తిన బొడిపె మాత్రం బాగా పైకి ఉండాలి. చదును నెత్తి సెల్లు వేస్తే మలుపులోని స్ప్రింగుకి అందదు, అన్నీ బాగున్నా లైటు వెలగదు.